ఆది జాకెట్టు

బళ్ళారి, కౌల్ బజార్
16 జూన్ 1958

గౌరవనీయులైన వదినగారు సంతోషమ్మగారికి,

వందనాలు. మిమ్మల్ని ప్రార్థనలో తలచుకోవడం నాకు అలవాటే. ఈ వారం కొంచెం ఎక్కువగా తలచుకోవలసి వచ్చింది.

గుంతకల్లు నుంచి ఎస్తేరమ్మ అనే ఆమె నాకు జాబు రాసింది. ఆమె ఎవరో నాకు తెలియదు. నేను మాత్రం ఆమెకు బాగా తెలుసునట. తన కొడుకు దేవకుమార్ రైల్వే ఆఫీసులో గుమాస్తా అనీ, నా మనవరాలు జ్ఞానకుమారిని అతనికి ఇస్తామని మీరు మాట ఇచ్చారనీ, క్రిస్మస్ వెళ్ళగానే పెండ్లి అనీ రాసింది. పిల్ల నా చేతిలో పెరిగింది. నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్న బడిలోనే చదివి, ఇప్పుడు అదే బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోంది. దాని పెండ్లి కబురు నాకు గుంతకల్లు చుట్టి తిరిగి వచ్చింది. మీ కొడుకు యేసుదానానికి హుబ్బళ్ళిలో రెండో సంసారంతో తీరిక లేక, మొదటి పెండ్లాం బిడ్డ సంగతి మీకు అప్పగించి ఉంటాడు. నా కూతురు పోయిన ఎనిమిదేళ్ళలో అతనికి ఈ బిడ్డ గుర్తుకు రావడం ఇది రెండోసారి. ఆ కోపం వేరు. దాన్ని పక్కన పెడతాను.

ఈ జాబు రాయడానికి కారణం ఒక మాట. మీరు పంపిన ఇంగ్లీషు జాబులో పిల్ల "స్లెండర్" అని చదివి వాళ్ళ ఇంటిల్లిపాదీ సంతోషించారట.

వదినగారూ, నేను ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఉచితంగా ఇంకో పాఠం చెబితే తప్పు లేదు. సన్నటి మనిషిని "థిన్" అంటే అందులో జాలి ఉంటుంది. "లీన్" అనే మాటను పరుగుపందెం వాడికీ, కొవ్వు లేని మాంసానికీ వాడతారు. "స్లిమ్" ఈ మధ్య పత్రికల్లో సబ్బు ప్రకటనల పక్కన కనబడుతోంది. "స్లెండర్" అంటే మెచ్చుకోలు. సన్నగా, కాస్త పొడుగ్గా, చూడ్డానికి ముచ్చటగా ఉన్న ఒంటికి వాడే మాట. లిల్లీ కాడకు వాడవచ్చు, వేళ్ళకు వాడవచ్చు. జీతానికీ ఆశకూ కూడా వాడతారు, అప్పుడు చాలదని అర్థం.

జ్ఞానం తలుపులో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు. ప్రతి ఆదివారం సంగనకల్లు సండేస్కూలుకు హార్మోనియం పెట్టెను తానే ఒంటిచేత్తో జట్కాలోకి ఎక్కిస్తుంది. దాని భుజాలు చూసి మా పాస్టరుగారు పక్కకు తప్పుకుంటారు. ఒళ్ళు అలా ఉండడం తప్పు కాదు. లేనిది రాయడం తప్పు. వెంటనే గుంతకల్లుకు రాసి ఆ మాట దిద్దించండి.

మీ వియ్యపురాలు
రాహేలు


గుత్తి, కోట వీధి
27 జూన్ 1958

రాహేలు వదినగారికి సంతోషమ్మ వందనాలు.

మీ పాఠం చేరింది. నేను చర్చి ఉపదేశి పెండ్లాన్ని, బైబిలూ పాటల పుస్తకమూ తప్ప చదివింది లేదు. ఇంగ్లీషు జాబు మా పక్కింటి పాండురంగయ్యగారు రాసినారు, రిటైరైన స్టేషన్ మాస్టరు. "పిల్ల మనిషి ఎట్ల ఉంటాది, రాయల్లా?" అని అడిగినాడు. "సన్నగా ఉంటాదప్పా" అంటిని. సన్నదనానికి ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పినాడు. "అన్నిట్లోకి మర్యాదైన మాట వేయప్పా" అంటిని. వేసినాడు. ఇందులో నేను దిద్దేదేమీ లేదు.

పెండ్లి మాటల్లో ఎవరన్నా పిల్ల లావు అని రాస్తారా? మీ బళ్ళారి మైసూరులో కలిసినాక ఆ రివాజేమన్నా వచ్చిందేమో, మా ఆంధ్రలో ఇంకా రాలేదు. పిల్లోడు బుద్ధిమంతుడు, బీడీ కూడా తాగడు, గుమాస్తా పని. ఇరవై నిండిన పిల్లను మీరు ఇంట్లో పెట్టుకుని హార్మోనియాలు మోయిస్తాండారు. మీకు ముసలితనంలో తోడు కావాల్నని దానికి సంసారం లేకుండా చేస్తారా?

ఇంక పని సంగతి. మనవాళ్ళలో పెండ్లికూతురి తెల్లచీరా జాకెట్టూ మగపెండ్లివాళ్ళే కుట్టించి తెచ్చేది మీకు తెలియనిది కాదు. ఎస్తేరమ్మ ఆది జాకెట్టు అడుగుతాంది. దర్జీ కొలత చూసుకునేదానికి పిల్ల తొడుక్కునేది ఒకటి నాకు పంపండి, నేను గుంతకల్లు చేరుస్తా. వేరేది వెతకబల్లేదు. నేను ప్రతి క్రిస్మస్‌కూ పిల్లకు ఒక జాకెట్టు కుట్టి పంపిస్తాండా గదా, అందులో ఒకటి పంపినా చాలు.

సంతోషమ్మ


బళ్ళారి
8 జూలై 1958

సంతోషమ్మగారికి,

మీ క్రిస్మస్ జాకెట్లు జ్ఞానానికి మోచెయ్యి దాటి ఎక్కవు. వాటిని ప్రతి సంవత్సరం మా వీధిలో గాజులమ్మే పక్కీరమ్మ ఆడపిల్లలకు ఇస్తున్నాను. ఆమెకు ముగ్గురు కూతుళ్ళు. ఒకతె ఎదిగిపోతే ఇంకొకతె తొడుక్కుంటుంది. కుట్టు మాత్రం గట్టిదని పక్కీరమ్మ మెచ్చుకుంటుంది. ఆ మెప్పు మీకు చేరవేయవలసింది, మరచిపోయాను.

గుంతకల్లు జాబు మేజా మీద ఉండగా జ్ఞానం చదివింది. చదవకుండా దాచవలసింది, కానీ నాకు దాచే అలవాటు తక్కువ.

"అవ్వా, జేజి నన్ను ఇట్ల రాసిందా?" అని అడిగింది.

"రాయించింది. నేను దిద్దిస్తాలే" అన్నాను.

"నన్ను ఇంతవరకు ఎవరూ ఆ మాట అనల్యా అవ్వా. బాగుండాది."

"మాట బాగుంటే చాలదే, మనిషికి సరిపోవాల."

"మనిషికి సరిపోయేది జాకెట్టు. మాటకయితే మనిషే సరిపోవాలేమో" అని నవ్వి బడికి పోయింది. ఇది మీ వంశం తెలివి. మావైపు ఇలాంటి జవాబులు చెప్పేవాళ్ళు లేరు.

మీరు దిద్దరు గనుక నేనే దిద్దాను. జ్ఞానం వారంలో మూడు రోజులు తొడుక్కునే నీలం జాకెట్టు ఉతికించి, ఇస్త్రీ చేయించి, నేరుగా గుంతకల్లుకు పార్సెలు చేశాను. జతగా ఎస్తేరమ్మకు ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాశాను. పిల్ల స్లెండర్ కాదు, "స్టౌట్" అనీ, ఆరోగ్యవంతురాలనీ, నమ్మకం లేకపోతే జాకెట్టు మడత విప్పి చూసుకోమనీ. ఇంగ్లీషు అర్థం కాకపోయినా దర్జీ టేపు అర్థమవుతుంది.

రాహేలు


గుత్తి
21 జూలై 1958

రాహేలమ్మగారికి,

పెండ్లి చెడగొట్టేదానికి మనిషి చేయగలిగినదంతా చేసినారు. పిల్ల జాకెట్టును మగపిల్లోని ఇంటికి మీరే పంపుతారా? ఆది జాకెట్టు ఆడపెండ్లివాళ్ళ పెద్ద చేత్తో పోవాల. తండ్రి తల్లిని నేను బతికే ఉండాను. సిగ్గుతో ఆదివారం చర్చికి పోల్యా.

అబద్ధం రాయించినానని అంటిరి. ఇంక దాచను. నేను చూసిన పిల్లను నేను చెప్పినా. నేను చూసింది ఎప్పుడో మీకు గుర్తుండాదా? మా కోడలు పోయి ఏడాది కాకుండానే మా యేసుదానం మళ్ళీ చేసుకున్నాడు. వాడు చేసింది తప్పే. తప్పు వాడిది. నేను ఒక సంచి వేరుశనక్కాయలూ, పిల్లకు ఒక జాకెట్టూ తీసుకుని మీ ఇంటికి వచ్చినా. మీరు నన్ను అరుగు మీద కూర్చోబెట్టినారు. చెంబుతో నీళ్ళిచ్చినారు. "ఆ ఇంటి మనుషులు ఈ గడప దాటకూడదు, రైలుకు టైమయితాంది" అంటిరి. లేచి వచ్చేటప్పుడు బావి తట్టు నుంచి పిల్ల బిందె మోసుకుని వస్తాండె. పండ్రెండేండ్ల పిల్ల. చెరుకుగెడ మాదిరి సన్నగా, పొడుగ్గా. బిందె బరువుకు నడుము ఒక పక్కకు వంగి. "జేజీ" అని పిలిచింది. మీరు లోపలికి పొమ్మంటిరి.

ఆ పొద్దు నుంచీ నేను ఆ పిల్లను చూడల్యా. ప్రతి యేడూ ఆ పిల్లనే తలచుకుని, అంగుళం అంగుళం పెంచి కుట్టినా. అవి పక్కీరమ్మ పిల్లలకు పోతాండాయని మీరు ఒక్క యేడన్నా రాసి ఉంటే కొలత మార్చి ఉంటిని. పాండురంగయ్యగారు పిల్ల ఎట్ల ఉంటాదని అడిగితే నాకు కండ్లముందు కనబడింది చెప్పినా. నా సొంత మనవరాలు ఎట్లుంటాదో నాకు తెలియదని పరాయి మగాని ముందు చెప్పమంటారా?

ఇంక మీకు జాబు రాయను.

సంతోషమ్మ


బళ్ళారి
1 సెప్టెంబరు 1958

శ్రీమతి సంతోషమ్మగారికి,

జాబు రాయనన్న మాట మీద మీరు నిలబడ్డందుకు నలభై రోజులు ప్రశాంతంగా ఉన్నాను. ఇప్పుడు నేను రాయవలసి వచ్చింది. అరుగు గురించి జవాబు ఇవ్వను.

జ్ఞానం అన్నం మానేసింది. ఒక్కసారిగా కాదు. మొదట రాత్రిపూట సంగటి మానింది, కడుపు ఉబ్బరం అంది. తర్వాత పొద్దున రొట్టె, బడికి ఆలస్యమవుతుందంది. మధ్యాహ్నం తను తీసుకుపోయే డబ్బా బడిలో హులిగప్ప అనే బంట్రోతు తింటున్నాడని నిన్నగాక మొన్న తెలిసింది. వాడు పోయిన నెలలో బాగా ఒళ్ళు చేశాడు. నేను అనుమానించవలసింది. మేము విస్తళ్ళు చూసి పెరిగినవాళ్ళం. ఎవరు ఎంత తిన్నారో విస్తరి చెబుతుంది. డబ్బాకు నోరు లేదు.

పోయిన ఆదివారం సంగనకల్లులో హార్మోనియం ఎత్తబోయి కింద పడిపోయింది. నీళ్ళు చల్లితే లేచి, "ఎండ అవ్వా" అంది. మబ్బు కమ్మిన రోజు.

నిలదీశాను. "ఇంకొంచెమే అవ్వా. వాళ్ళు వచ్చి చూసేటప్పటికి జేజి రాసినట్ల ఉండాల గదా. ఆమె మాట పోకూడదు" అంది. చూశారా, మీ మాట నిలబెట్టడానికి ఒక మనిషి కరిగిపోతోంది.

నేను తిట్టాను, బతిమాలాను, జొన్న రొట్టెలో వెన్న దాచి పెట్టాను. నా మాట వినదు. నేను దాని ఒంటి గురించి ఏమన్నా దిద్దుబాటు లాగే ఉంటుందట. మీ మాట వింటుంది. కాబట్టి ఇది చదివిన రోజే దానికి రెండు వాక్యాలు రాయండి: ఆ మాట తప్పు, నువ్వు అలా ఉండనక్కర్లేదు అని. మీతో ఇంతకుమించి నాకు పని లేదు.

రాహేలు


గుత్తి
20 సెప్టెంబరు 1958

రాహేలమ్మా,

నీ జాబు చూసి పిల్ల మీద ప్రాణం కొట్టుకుని, మానం అభిమానం లేకుండా గుంతకల్లు పోతిని. ఎస్తేరమ్మ కాళ్ళు పట్టుకుని, పిల్ల లావుగా ఉంటాదమ్మా, అయినా చేసుకోండి అని చెప్పల్లని పోతిని. అది వింటే పిల్ల అన్నం తింటాది గదా అని.

ఎస్తేరమ్మ నన్ను వింతగా చూసింది. "ఏందమ్మా సంతోషమ్మా, ఈ సంగతి ముగిసి ఎన్నాళ్ళాయె. మీ వియ్యపురాలు జాకెట్టు పంపిన వారానికే మా తమ్ముడు, పిల్ల బడిలో ఉన్నప్పుడు, బళ్ళారి పోయి, 'లావైతే ఏమమ్మా, మా ఇంట్లో ఆడోళ్ళందరూ గట్టి మనుషులే, మాకు ఇష్టమే' అని చెప్పి వచ్చినాడు గదా. ఆమె కాఫీ కూడా ఇచ్చె. మేము ఆ కొలతకే జాకెట్టు కుట్టిస్తాండాము" అనింది.

లేచి, కనబడిన బండెక్కి వచ్చేసినా.

జూలైలో తెలుసు నీకు. వాళ్ళకు ఆ పిల్ల ఉన్నదున్నట్ల కావాల్నని నీకు తెలుసు. ఆ ఒక్క మాట పిల్ల చెవిన వేసి ఉంటే ఆ పొద్దే సంగటి తినేది. నువ్వు వేయల్యా. అది ముద్ద ముద్దా మానేస్తాంటే చూస్తా కూర్చున్నావు. పైగా నాకు జాబు రాస్తావు, మీ మాట వల్లనే అని. నేను తెలియక రాయించినా. నువ్వు తెలిసి నోరు మూసుకున్నావు. దాచే అలవాటు తక్కువని రాసినావే, ఆ చేత్తోనే.

ఎందుకు చెప్పలేదో రాయి.

వాళ్ళు అక్టోబరులో మీ చర్చి కోతపండుగకు వస్తాండారు, చీరా జాకెట్టూ తీసుకుని. అంతలోపల పిల్లకు కడుపునిండా పెట్టు.

సంతోషమ్మ


బళ్ళారి
14 అక్టోబరు 1958

సంతోషమ్మా,

ఎందుకు చెప్పలేదో నీకు తెలుసు, ముసలితనంలో తోడని జూన్‌లోనే రాశావు. నీకు తెలిసినదాన్ని నాచేత రాయించుకోకు.

నీ జాబు వచ్చిన రోజే జ్ఞానానికి చెప్పాను. "వాళ్ళకు నువ్వు ఇట్లే ఇష్టమట, వచ్చి చెప్పి పోయినారు" అన్నాను. ఎప్పుడని అడిగింది. చెప్పాను. "సరే అవ్వా" అంది. ఆ పూట పెట్టినదంతా తింది. తిన్నది నిలవలేదు. రెండు నెలలు ఎండబెట్టిన కడుపు కబురు వినగానే మెత్తబడదు. ఆ తర్వాత సగం ముద్దకే చేయి కడిగేస్తోంది. ఇప్పుడు కావాలని మానడం లేదు, దిగడం లేదు.

కోతపండుగ బాగా జరిగింది. గుమ్మడికాయలూ, జొన్న కంకులూ, కోళ్ళూ వేలం వేశారు. ఎస్తేరమ్మ, ఆమె తమ్ముడు, పిల్లవాడు వచ్చారు. పిల్లవాడు మర్యాదస్థుడే. వేలంలో ఒక కోడిని పాడి, దాన్ని ఎలా పట్టుకోవాలో తెలియక పండుగంతా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఆరాధన అయ్యాక ఇంటికి తీసుకొచ్చాను. ఎస్తేరమ్మ తెల్ల జాకెట్టు తీసి, తొడుక్కుని చూపించమంది.

జ్ఞానం లోపలికి పోయి తొడుక్కుని వచ్చింది. జాకెట్టు భుజాల మీద నిలవలేదు. జాకెట్టు చేతులు గంటల్లా వేలాడాయి. వెనక పిన్నీసు పెట్టి పట్టుకోవలసి వచ్చింది.

"ఆ నీలం జాకెట్టు ఈ పిల్లదేనా?" అంది ఎస్తేరమ్మ.

"ఈ పిల్లదే."

"కుట్టి రెండు నెల్లు కాల్యా. మనిషి ఇంతలోకే ఇట్ల కరుగుతాదా?" తర్వాత మాట ఆమె గొంతు తగ్గించి అంది, కానీ నా చెవులు ఇంకా పనిచేస్తాయి. "మా ఆడబిడ్డ ఇట్లే కరిగి మదనపల్లె శానిటోరియానికి పోయె. తిరిగి రాల్యా. ఛాతీ ఫోటో తీయించి పంపండమ్మా. అంతవరకు ఈ మాట ఆపుదాం."

నీ స్లెండర్ జాబు ఒక్కటే ఉంటే పిల్లను చూసి సరిపోయిందనుకునేవాళ్ళు. నా జాకెట్టు ఒక్కటే ఉంటే పిల్ల అన్నం మానేది కాదు, కొలత సరిపోయేది. రెండూ చేతిలో పెట్టుకుని మనిషిని చూశారు. వాళ్ళకు క్షయ కనబడింది. ఇది మనిద్దరం కలిసి చేసిన మొదటి పని.

వాళ్ళు పోయాక జ్ఞానం పిన్నీసు తీస్తూ అంది: "ఇప్పుడు ఉండాను గదా అవ్వా, ఆ మాట మాదిరి."

రాహేలు


గుత్తి
22 అక్టోబరు 1958

రాహేలమ్మకు,

తిట్టేదానికి ఇంకా చానా ఉండాది. తర్వాత తిడతా.

ముందు పెద్దాసుపత్రికి తీసుకుపో. ఫోటో తీయించు. ఆ ఫోటో గుంతకల్లుకు నువ్వు పంపద్దు, నువ్వు పంపేవన్నీ చెడతాయి. నాకు పంపు. నేను పోయి చూపిస్తా. దానికి జతగా నువ్వు ఇంగ్లీషులో రాసియ్యి, ఆ పిల్ల పుట్టినప్పటినుంచి గట్టి మనిషని, నువ్వు జాకెట్టుతో రాసిన ఆ స్టౌట్ మాటే వేసి, ఇప్పుడు అన్నం మాని చిక్కిందే గానీ జబ్బు కాదని. పాండురంగయ్యగారిని అడిగితే, "మొన్న సన్నం అంటిరి, ఇప్పుడు లావు అంటారు, నా చేతిరాత మీద ఎవరికి నమ్మకముంటాదమ్మా" అన్నాడు. ఆయన మాటా నిజమే.

పిల్లకు గంజిలో ఉప్పేసి, తడవకు కొంచెం, గంటకొకసారి పట్టు. సంగటి ఒకేసారి పెట్టద్దు. కరువేండ్లలో మా ఆయన గంజి కేంద్రం నడిపినాడు, నాకు తెలుసు. నీకు ఇంగ్లీషు తెలుసు గానీ ఆకలిగొన్న మనిషికి ఎట్ల పెట్టాల్నో తెలియదు.

నేనే వచ్చి పెట్టి ఉంటిని. రాను. ఒకసారి కూర్చున్న అరుగు చాలు.

సంతోషమ్మ


బళ్ళారి
10 నవంబరు 1958

వదినా,

ఫోటో తీయించాను. ఛాతీలో ఏమీ లేదు. డాక్టరు సిద్దప్ప ఫిల్ము వెలుతురుకు పట్టుకుని చూసి, "రోగం లేదమ్మా, ఊట లేదు. హెడ్‌మిస్ట్రెస్ మనెయల్లి ఊట లేదంటే ఎట్లా?" అన్నాడు, నా ఇంట్లో భోజనం లేదని కన్నడలో. నా దగ్గర రెండో క్లాసు చదివినవాడు. వాణ్ణి ఒకప్పుడు బెంచీ ఎక్కించాను. ఇప్పుడు నన్ను ఎక్కించాడు.

నీ గంజి పట్టాను. నిలిచింది. ఈ ఒక్క వాక్యం రాయడానికి కలం నాలుగుసార్లు సిరాలో ముంచాను.

ఫోటో నీకు పంపే లోపలే ఎస్తేరమ్మ తమ్ముడు గుంతకల్లు నుంచి మళ్ళీ వచ్చాడు. వాళ్ళకు ఆసుపత్రి కబురు ఎవరో చేరవేశారు. జబ్బు లేదు గనుక సంబంధం ఖాయమేనట. ఒక్కటే మాట. పెండ్లి నాటికి పిల్ల ఆది కొలతకు రావాలట. తెల్లపట్టు కోసి కుట్టేశారు, విప్పితే గుడ్డ పాడవుతుంది. సంక్రాంతి దాటినా పర్వాలేదు, ఆగుతామన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. అందుకే నాకు భయం వేసింది.

నేను నోరు తెరిచేలోపల జ్ఞానం లోపలినుంచి వచ్చింది. ఆ జాకెట్టు మడత పెట్టి ఆయన చేతికిచ్చింది.

"ఇది సరిపోయే పిల్లను చూసుకోండి మామా. మీ గుడ్డ పాడు కాదు. నాకు బడికి టైమయితాంది" అంది.

ఆయన నన్ను చూశాడు. నేను గోడమీది క్యాలెండరు చూశాను. సంబంధం అక్కడితో అయిపోయింది. నువ్వు నన్నే తిడతావు, తెలుసు. ఈసారి నేను ఏమీ చేయలేదు. చేయకుండా ఉండడం ఎంత కష్టమో నీకు చెప్పినా నమ్మవు.

సాయంత్రం వచ్చాక గంజి ముందు పెట్టాను. గిన్నె చేత్తో పట్టుకుని తాగకుండా కూర్చుంది.

"జేజి నన్ను చూడకనే ఒక మాట అనింది. నువ్వు దినామూ చూస్తాండి ఒక్క మాటా చెప్పల్యా" అంది.

ఇది నీకు సంతోషం కలిగిస్తుందని తెలిసే రాస్తున్నాను.

"నీకు ఏం కావాలే?" అని అడిగాను.

"జేజిని పిలువు. ఆమెకు నేను యాడనో చిన్నపిల్లగా ఆగిపోయి ఉండాను. వచ్చి చూడనీ. ఆమె పక్కన కూర్చుని తింటా."

నేను ఎనిమిదేళ్ళుగా నీకు ఇవ్వనిదాన్ని అది ఒక్క మాటలో ఇచ్చేసింది. దాని తిండి ఇప్పుడు నా చేతిలో లేదు, నీ చేతిలో ఉంది. ఇది నాకు ఎంత చేదో నీకు తెలియాలనే పూర్తిగా రాస్తున్నాను. కాబట్టి రా. శనివారం గుంతకల్లులో బండి మారితే మధ్యాహ్నానికి దిగుతావు. స్టేషన్‌కు జట్కా పంపుతాను. నీకు పడక వంటింటి పక్క గదిలో వేయించాను. నెలో రెండు నెలలో, పిల్ల పొమ్మనేదాకా ఉండు. నేను పొమ్మంటే వినవద్దు. మనం పోట్లాడుకునేది ఉంటే అది బడికి పోయినప్పుడు పోట్లాడుకుందాం, పది గంటల నుంచి నాలుగు దాకా తీరికే.

ఒక్క షరతు. అది తలుపు తీసినప్పుడు దాన్ని కండ్లారా చూడు. చిక్కిందని గానీ, లావెక్కాలని గానీ, చెరుకుగెడ అని గానీ, పాపం అని గానీ, తెలుగులో గానీ, కన్నడలో గానీ, పాండురంగయ్యగారి ఇంగ్లీషులో గానీ ఒక్క మాట అనకు. నేనూ అనను. పేరు పెట్టి పిలువు, గంజి పొయ్యి.

రాహేలు